గొట్టం గుండా తిండి: ఇంటివాళ్లు తెలుసుకోవలసింది

తలకు గట్టి దెబ్బ తగిలి ఐసీయూలో ఉన్నవాళ్లకు తిండి ఎలా పెడతారో చెప్పమన్నారు. మనలో ట్రక్కులు నడిపేవాళ్లున్నారు, గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టు చేసి నిద్రకళ్లతో కారెక్కేవాళ్లున్నారు. అందుకని చెప్పుకోవాల్సిందే.

"సెలైన్ ఎక్కుతోందిగా, ఇంక తిండి దేనికి?" అంటుంటారు మనవాళ్లు. మామూలు సెలైన్ అంటే ఉప్పునీళ్లే. 5 శాతం గ్లూకోజు లీటరు ఎక్కించినా వచ్చేది 170 కేలరీలు. 60 కిలోల మనిషికి రోజుకు 1500 నుంచి 1800 దాకా కావాలి. స్పృహ లేకపోయినా ఒళ్లు ఖర్చవుతూనే ఉంటుంది, కండ కరిగిపోతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో 22 ట్రామా సెంటర్లలో 797 మందిని పరిశీలించి 2008లో ప్రచురించారు. 5 రోజుల దాకా తిండి అందనివాళ్లలో చావు ముప్పు రెండింతలు, 7 రోజులైతే నాలుగింతలు! అందుకే వీలైతే మొదటి 24 నుంచి 48 గంటల్లోనే మొదలుపెడతారు. మీ మనిషికి మొదలుపెట్టారా లేదా, లేకపోతే ఎందుకని, మొహమాటపడకుండా అడగండి. ఇంగ్లీషు రాని అమ్మానాన్నలుంటే దుబాసీని అడగండి, డబ్బు కట్టక్కర్లేదు.

గొట్టం ముక్కులోంచి కడుపులోకి వేస్తారు. పుర్రె అడుగున ఎముక విరిగితే నోట్లోంచి. ఎక్స్‌రే తీసి సరిగ్గా పడిందని చూశాకే పోస్తారు, తలవైపు మంచం ఎత్తి ఉంచుతారు. దయచేసి ఇంటినుంచి రాగిజావ పట్టుకెళ్లి పొయ్యమనకండి. గొట్టం పూడుకుపోతుంది. శాకాహారులైతే డైటీషియన్‌తో చెప్పండి, కొన్ని ఫార్ములాల్లో చేపనూనె ఉంటుంది.

వారాలు గడిచినా మింగలేకపోతే పొట్టకే గొట్టం పెడదామంటారు. అసలు చిక్కు ఇక్కడుంది. ఒప్పుకోవాల్సింది ఎవరు? మిస్సోరీలో నాన్సీ క్రూజన్ అనే పాతికేళ్ల అమ్మాయికి 1983లో కారు ప్రమాదమైంది. స్పృహ రాలేదు. ఏళ్ల తరబడి గొట్టంతోనే బతికింది. తీసెయ్యమని తల్లిదండ్రులు కోర్టుకెక్కితే సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆమె కోరిక ఏమిటో గట్టి రుజువు కావాలని రాష్ట్రం అడగొచ్చని 1990లో తీర్పొచ్చింది. తర్వాత స్నేహితులు సాక్ష్యం చెప్పాక గొట్టం తీశారు. ఆ డిసెంబరు 26న పోయింది. ఫ్లోరిడాలో టెర్రీ షియావో విషయంలోనైతే భర్తా, తల్లిదండ్రులూ ఏళ్లకేళ్లు కొట్లాడుకున్నారు. గొట్టం ఉంచడం తప్పో, తియ్యడం తప్పో చెప్పడానికి నేనెవర్ని? ఎవరిల్లు వాళ్లది.

కానీ మన ఇళ్ల సంగతి చూడండి. భార్య ఇక్కడ, అమ్మానాన్నలు వాట్సాప్‌లో, బావమరిది ఇంకో రాష్ట్రంలో. పెళ్లికానివాళ్లకు పక్కన రూమ్మేటొక్కడే. వాడికి మీ మనసు ఎంత తెలిసినా, కాగితం లేకపోతే డాక్టర్లు ముందు ఇంటివాళ్లనే వెతుకుతారు.

ఆ కాగితం పేరు హెల్త్ కేర్ ప్రాక్సీ. కొన్ని రాష్ట్రాల్లో పేరు వేరు. వీసా ఏదైనా రాయొచ్చు. చాలాచోట్ల లాయరు అక్కర్లేదు, ఇద్దరు సాక్షులో నోటరీయో చాలు. ఫారాలు వెనక బల్లమీద ఉన్నాయి, మీ రాష్ట్రం పేరున్నదే తీసుకోండి. ఎవరి పేరు రాస్తున్నారో వాళ్లకి ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి.