మంచం పట్టినవాళ్ళను ఇంట్లో చూసుకునే మన సభ్యుల గురించి
(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో శ్రీముఖలింగం సంఘం లీడరు ప్రసంగం)

నేను శ్రీముఖలింగం నుంచి వచ్చాను. పదో తరగతి వరకు చదివాను. సంఘంలో 12 ఏళ్ళ నుంచి ఉన్నాను, లీడరుగా ఇది నాలుగో ఏడు. నన్ను ఆరోగ్యం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. రక్తహీనత గురించి, తిండి గురించి పోయిన సభల్లో నాకన్నా తెలిసినవాళ్ళు బాగా చెప్పారు. నేను నా ఇంట్లో నేర్చుకున్న ఒక సంగతి చెప్తాను.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా సంఘంలో ఒక చెల్లి వరసగా మూడు వారాలు మీటింగుకి రాలేదు. రాకపోతే వారానికి 20 రూపాయలు జరిమానా అని మేము మొదట్నుంచీ పెట్టుకున్న కట్టుబాటు. పంచసూత్రాల్లో మొదటిదే క్రమం తప్పని సమావేశం కదా. ఆమె మావకి పక్షవాతం. తిండి, నీళ్ళు, దొడ్డికి వెళ్ళడం అన్నీ మంచం మీదే. "ఇంట్లో మనిషిని ఒదిలీసి ఎలాగ వస్తానప్పా" అని కబురు పెట్టింది. "ఒక్క గంట రాలేవేటి, మిగతావోళ్ళకి ఇళ్ళు లేవా" అని అన్నది నేనే. 60 రూపాయలు పుస్తకంలో రాసింది నా చేతే. ఆ చెల్లి తర్వాతి వారం కట్టీసింది. ఒక్క మాట కూడా అనలేదు.

ఏడాది తిరక్కుండా మా అత్తకి పక్షవాతం వచ్చింది.

కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట మొద్దుబారింది. ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నాం. ఇంటికి పంపినప్పుడు మందుల చీటీ ఇచ్చారు, మళ్ళీ ఎప్పుడు రావాలో రాసారు, "జాగ్రత్తగా చూసుకోండమ్మా" అన్నారు. జాగ్రత్త అంటే ఏటో ఎవరూ చెప్పలేదు. అడగాలని నాకూ తెలీదు. మా ఆయన హైదరాబాదులో బిల్డింగు పనుల్లో ఉంటారు, నాలుగు రోజులుండి వెళ్ళిపోయారు. ఇంట్లో నేను, ఇద్దరు పిల్లలు, మంచం మీద అత్త.

పదిహేనో రోజున ఒళ్ళు తుడుస్తుంటే నడుం కింద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ కనబడింది. ఒరిపిడనుకుని కొబ్బరినూనె రాసి గట్టిగా రుద్దాను. నాలుగు రోజులకి చర్మం లేచిపోయింది. ఇంకో పది రోజులకి నా బొటనవేలు దిగేంత గొయ్యి. గదిలో వాసన. చూడ్డానికి వచ్చిన చుట్టాలు గుమ్మం దాటాక "కోడలు సరిగ్గా చూడట్లేదు" అనుకోవడం నేను విన్నాను. అంతగా చూస్తే ఇలాగెందుకు అవుతాది అని నాకూ అనిపించేది. చక్రతీర్థ స్నానాల నాడు ఊరు ఊరంతా వంశధార దగ్గరుంటే, తలుపు దగ్గరికేసి ఆ పుండు కడుగుతూ కూర్చున్నాను.

మా సచివాలయం ఏఎన్‌ఎం బీపీ చూడ్డానికి వచ్చి దుప్పటి ఎత్తింది. నన్ను తిట్టలేదు. "అప్పా, ఎన్ని గంటలకోసారి పక్క తిప్పుతున్నావు?" అంది. "తిప్పడమేటి?" అన్నాను. ఆ అమ్మాయి నాకేసి కాసేపు చూసి, చెప్పులు బయటే విడిచి, లోపలికొచ్చి కూర్చుంది. ఆ రోజు అరగంటలో నేర్పిందే ఇవాళ మీకు చెప్తున్నాను.

కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఎడం పక్కకి, వెల్లకిలా, కుడి పక్కకి. ఎముక తగిలే చోట్లు, అంటే నడుం కింద, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనక రోజూ చూడాలి. ఎర్రబడి, వేలితో నొక్కితే తెల్లబడకుండా అలాగే ఉంటే పుండుకి అది మొదలు. అక్కడ రుద్దకూడదు. నేను చేసిందే అది. ఆ చోటు మీద బరువు పడకుండా చూసి, ఏఎన్‌ఎంకి కబురు చెయ్యాలి. మోకాళ్ళ మధ్య తలగడ, మడమ పక్కకి ఆనకుండా పిక్కల కింద మడత పెట్టిన బట్ట. నులకమంచం గొయ్యిలాగ దిగిపోయుంటే ఒళ్ళంతా నడుం మీదే కూర్చుంటాది, బిగించాలి. తడి పక్క ఒక్క నిమిషం కూడా ఉంచకూడదు.

మనిషిని పైకి జరపాలంటే చంకల్లో చేతులు పెట్టి లాగుతాం కదా. పడిపోయిన చెయ్యి అలా లాగితే భుజం జారిపోతాది. ఒంటి కింద మడత దుప్పటి వేసి, ఇద్దరు చెరో పక్క పట్టుకుని దుప్పటితో జరపాలి. వంగేటప్పుడు నడుం కాదు, మోకాళ్ళు వంచాలి. మా అత్త బరువుకి నా నడుం పట్టేసి వారం రోజులు లేవలేకపోయాను. అప్పుడు మా ఇంట్లో మంచాలు రెండయ్యాయి.

ఇక తిండి. పడుకోబెట్టి గ్లాసుతో నీళ్ళు పోసేదాన్ని. పొలమారితే వీపు మీద కొట్టేదాన్ని. పక్షవాతం వచ్చినవాళ్ళకి మింగడం కూడా దెబ్బతింటాది, పల్చటి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తాదట. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి, బాగున్న పక్క నోట్లో చిన్న చెంచాతో పెట్టాలి. పల్చటి వాటికన్నా చిక్కటి జావ నయం. తిన్నాక అరగంట కూర్చోనివ్వాలి, నోట్లో బుగ్గ పక్కన మెతుకు మిగిలిందేమో చూడాలి. ఊరికే పొలమారుతుంటే డాక్టరుకి చూపించే దాకా బలవంతంగా పెట్టకూడదు.

ఇవి కష్టమైన చదువులు కావు. నెల రోజుల ముందు ఎవరైనా చెప్పి ఉంటే ఆ గొయ్యి పడేది కాదు. అది మానడానికి ఐదు నెలలు పట్టింది.

పుండు మానుతున్న రోజుల్లో నేను జరిమానా రాసిన ఆ చెల్లి ఇంటికి వెళ్ళాను. ఆమె మావకి ఒంటి మీద ఒక్క పుండు లేదు. ఎలాగమ్మా అంటే, "నాకెవులు సెప్పారప్పా, పగలూ రాత్రీ పక్కనే కూకుండిపోయాను, ఆయన ములిగితే తిప్పీదాన్ని" అంది. అలా కూర్చున్నందుకే మేము ఆమెకి జరిమానా వేసాం.

మొన్న సీసీ మేడం ఒక లెక్క చూపించారు. దేశమంతా మనుషులు రోజు ఎలా గడుపుతున్నారో కేంద్రం వాళ్ళు 2024లో సర్వే చేసారు. ఇంట్లోవాళ్ళను చూసుకునే పని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి 137 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 75. వంట, ఊడుపు, బట్టలు వేరే, అవి ఆడవాళ్ళకి 289 నిమిషాలు. పిల్లల్ని చూసుకోవడం కూడా ఆ 137లోనే ఉంది. మంచం పట్టిన మనిషి ఉన్న ఇంట్లో లెక్క ఎంతవుతాదో రెండు గంటలకోసారి లేచి చూసిన మీకే తెలుసు.

ఇప్పుడు డబ్బు సంగతి. 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్ళకి నెలకి 15,000, వికలాంగులకి 6,000, వృద్ధులకి 4,000 పింఛను ఉంది. దానికి సదరం సర్టిఫికెట్ కావాలి, స్లాటు సచివాలయంలో తీసుకోవాలి. మంచం మీది మనిషిని ఆటోలో ఎక్కించి క్యాంపుకి తీసుకెళ్ళడం ఒక యజ్ఞం, అది ఇంకో సభలో చెప్పుకుందాం. ఆ పింఛను రోగి పేరున వస్తాది, రావాలి కూడా. మందులకి, డైపర్లకి అదే ఆధారం. కాకపోతే కూలి మానుకుని పక్కన కూర్చున్న మనిషికి ఏ కాగితంలోనూ పేరు లేదనుకున్నాను.

ఉందట. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో సంరక్షకులు అంటే ఎవరో రాసారు: డబ్బు తీసుకునైనా తీసుకోకుండానైనా వికలాంగుల్ని చూసుకునేవాళ్ళు, తల్లిదండ్రులు, కుటుంబ సభ్యులు కూడా. అంటే నేను, ఆ చెల్లి, మీరూ. అదే చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సాయం అవసరమైన వికలాంగులు కోరుకుంటే సంరక్షకుల భత్యం ఇచ్చేలా ప్రభుత్వాలు పథకం పెట్టాలని ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం అనే పథకం కింద మంచం పట్టినవాళ్ళను చూసుకునేవాళ్ళకి నెలకి 600 రూపాయలు పెట్టారు. 600 ఏపాటి అంటారు. నిజమే, మూడు రోజుల కూలి కాదు. కానీ అది చూసుకునే మనిషి పేరున వస్తాది. కేరళలోనే 2008లో ప్రభుత్వం పాలసీ పెట్టి, పంచాయతీల నుంచి నర్సులు మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి తిరిగేలా చేసారు. వాళ్ళతోపాటు ఊళ్ళోవాళ్ళు కూడా నేర్చుకుని సాయం వెళ్తారు. దూరదేశం జర్మనీలో 1995 నుంచి దీనికోసమే ఒక బీమా ఉందట, చూసుకునే కుటుంబ సభ్యులకి ఉచితంగా క్లాసులు చెప్తారట. అంత పెద్ద దేశంలోనే కోడళ్ళకీ కూతుళ్ళకీ క్లాసు పెట్టాల్సి వచ్చినప్పుడు, మనకి పుట్టుకతోనే వచ్చేస్తాదని ఎందుకనుకుంటారో నాకు తెలీదు.

మా అప్పని కవిటి వైపు ఇచ్చారు. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు. మా బావకి డయాలసిస్. పింఛను 10,000 వస్తాది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా తెరిచారు, అది మంచిదే. మా అప్ప మాత్రం వారానికి మూడు రోజులు బావ కూడా వెళ్ళి, మిషను మీద నాలుగు గంటలు బయట కూర్చుని, తీసుకొస్తాది. ఆ మూడు రోజులు జీడిపప్పు పని పోయినట్టే. నీళ్ళు ఎంత ఇవ్వాలి, ఉప్పు ఎంత, చేతికి వేసిన ఫిస్టులా వైపు బీపీ చూడనివ్వకూడదు, బరువు ఎత్తనివ్వకూడదు అన్నీ ఒక్కొక్కటీ దెబ్బ తిని నేర్చుకుంది. సంఘం వాయిదా రెండు నెలలు తప్పితే అక్కడా జరిమానాయే.

మేమేం చేసామో చెప్తాను. మా గ్రామ సంఘం మీటింగుకి ఎంఎల్‌హెచ్‌పీ మేడంని, ఏఎన్‌ఎంని పిలిచాం. వృద్ధుల సంరక్షణ, మంచం పట్టినవాళ్ళకి ఉపశమన వైద్యం ఊరి ఆరోగ్య కేంద్రం చెయ్యాల్సిన 12 రకాల సేవల్లో ఉన్నాయని వాళ్ళే చెప్పారు. మూడు శనివారాలు, రెండేసి గంటలు. ఒక నులకమంచం తెచ్చాం. మాలో లావుగా ఉన్న ఆవిడ్ని రోగిలాగ పడుకోమన్నాం, ఆవిడ నవ్వు ఆపుకోలేక మంచం ఊగిపోయింది. కానీ అందరం తిప్పడం నేర్చుకున్నాం. 19 మంది వచ్చారు. ఇద్దరు మగవాళ్ళు కూడా వచ్చారు, ఒకాయన తలుపు దగ్గరే నిలబడి చూసాడు. సంక్రాంతికి మా ఆయన వచ్చినప్పుడు నేనే నేర్పాను. కన్నతల్లిని తాకడానికి ముందు రోజు భయపడ్డారు, మూడో రోజుకి రాత్రి రెండు గంటలకి ఆయనే లేచారు.

రెండోది బదులు గంటలు. ఉభాలప్పుడు నువ్వు నా మడికొస్తే నేను నీ మడికొస్తాను కదా. అలాగే మా సంఘంలో మంచం పట్టిన మనిషి ఉన్న ఇళ్ళు మూడు. వారానికి రెండు గంటలు ఎవరో ఒకరు వెళ్ళి కూర్చుంటారు. ఆ రెండు గంటలు ఆ ఇంటావిడ బ్యాంకుకి వెళ్తాదో, గుడికి వెళ్తాదో, పడుకుంటాదో ఆమె ఇష్టం, అడక్కూడదని రాసుకున్నాం. ఇది అన్నివేళలా నడిచిందని చెప్పను. కోతల్లో నెలంతా ఆగిపోయింది. ఒక ఇంటికి కులం పట్టింపుతో ఇద్దరు వెళ్ళలేదు. దాని మీద మా సంఘంలో గట్టిగానే గొడవైంది, ఇంకా పూర్తిగా తేలలేదు.

మూడోది, ఆ 60 రూపాయలు తిరిగిచ్చాం. పుస్తకంలో రాసి, అందరి సంతకాలతో. ఇవ్వడానికి నేనే వెళ్ళాను.

ఇప్పుడు సమాఖ్యని అడగాల్సినవి అడుగుతాను. ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్న సభ్యురాలికి మీటింగు జరిమానా తీసేస్తూ ఇవాళే తీర్మానం చెయ్యండి. అవసరమైతే మీటింగే ఆమె అరుగు మీద పెట్టుకుందాం. అలాంటి ఇంటి నుంచి వాయిదా ఆలస్యమైతే, సంఘం గ్రేడు పడిపోతాదని ఆమె మీద పడకుండా, గడువు మార్చే దారి ఏపీఎం గారు చెప్పాలి. సమాఖ్య డబ్బుతో నాలుగు గాలి పరుపులు, రెండు కమోడు కుర్చీలు, ఒక చక్రాల కుర్చీ కొని అద్దె లేకుండా తిప్పుదాం. మనిషి పోయాక పరుపు అటక మీద పడుంటాది, ఇంకో ఇంట్లో అదే లేక పుండు పడతాది. 2023లో ఫ్యామిలీ డాక్టరు పద్ధతి మొదలైనప్పుడు, 104 బండితో వచ్చే డాక్టరు మంచం పట్టినవాళ్ళను ఇంటికెళ్ళి చూడాలన్నారు. మీ ఊళ్ళో వెళ్తున్నారో లేదో ప్రతి గ్రామ సంఘం నెలనెలా రాసి పంపాలి. వెళ్ళకపోతే మంచం పట్టినవాళ్ళ జాబితా మనమే చేతిలో పెడదాం. ఇక సంరక్షకుల భత్యం. మనం ఇన్ని వందల మందిమి, మండల సమాఖ్య తీర్మానం జిల్లా సమాఖ్యకి, అక్కణ్ణుంచి కలెక్టరు గారికి వెళ్తే, 24వ సెక్షన్ అని నంబరుతో అడిగినట్టవుతాది. నంబరుతో అడిగితే "చూద్దాంలే" అనడం కొంచెం కష్టం.

పది నిమిషాలు దాటిపోయింది, అధ్యక్షురాలు గడియారం చూస్తున్నారు. నాకూ తొందరుంది. మా అత్త దగ్గర ఇప్పుడు కూర్చున్నది ఆ చెల్లే. ఆమె మావ పోయిన చలికాలంలో కాలం చేసారు, అయినా వారానికోసారి వస్తాది. ఒంటిగంటకి మా అత్తని పక్క తిప్పాలి, ఈలోగా నేను బస్సెక్కాలి. దుప్పటి ఒకటి వెంట తెచ్చాను. జరపడం ఎలాగో చూడాలనుకున్నవాళ్ళు తీర్మానాలు అయ్యాక వెనక బెంచీల దగ్గరికి రండి, పడుకోవడానికి ఒకరు, పట్టుకోవడానికి ఇద్దరు కావాలి.