పాత కంప్యూటరులలో క్రొత్త వ్యవస్థను నెలకొల్పుట



కంప్యూటరు కొనుట ఒక యెత్తు. దానిని నడిపించు ఆపరేటింగ్ సిస్టమును అందులో నెలకొల్పుట మఱియొక యెత్తు. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10కు మైక్రోసాఫ్టు కంపెనీ సాధారణ పోషణమును ముగించినది. విండోసు 11 కావలెనన్నచో 4 జీబీ ర్యాముతోపాటు టీపీఎం 2.0 అను రక్షణ సాధనము కూడ ఉండవలెనట! అది లేని యంత్రములు చెడిపోయినవి కావు. ఉత్తరము వ్రాయుటకు, గ్రంథముల పట్టిక తయారు చేయుటకు నేటికిని చక్కగా ఉపకరించును. అయినను పనికిరానివను పేరుతో మూలకు చేరుచున్నవి.

ఇట్టివానికి లినక్సు ఆధారము. ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్సు 1991లో దాని మూలభాగమును లోకమునకిచ్చెను. దానిపై నిర్మితమైన డెబియన్‌ను 1993లో ఇయాన్ మర్డాక్ ఆరంభించెను. వెల లేదు, పదిమందికి పంచిపెట్టవచ్చును. ఇన్ని సుగుణములున్నను సామాన్యునకు అది చాలకాలము కొఱుకుడు పడలేదు. డిస్కును ఎన్ని భాగములు చేయవలెనని యంత్రము ప్రశ్నించినచో అతడేమి చెప్పగలడు?

ఈ చిక్కు క్రమముగా విడినది. 2000లో జర్మనీలో వెలువడిన క్నాపిక్సు, డిస్కును తాకకుండ సీడీనుండియే నడచెడిది. కొనబోవు ఎద్దును కాడికట్టి చూచినట్లు, ముందుగా పరీక్షించుకొను వీలు కలిగెను. 2006 నాటి ఉబుంటు 6.06లో అట్టి సీడీనుండియే స్థాపనము కూడ సాధ్యమయ్యెను. 2007లో డెబియన్ 4.0 బొమ్మల తెరను తెచ్చెను. నేడు అట్టి తెరమీద స్థాపన ప్రశ్నలను తెలుగుననే చదువుకొనవచ్చును.

అసలు అడ్డంకి వేఱొకటి. వైఫై పరికరములు అనేకము ఫర్మువేరు లేనిదే పలుకవు. స్వేచ్ఛా నియమమునకు లోబడనిదని దానిని డెబియన్ వేఱుగా ఉంచెడిది. స్థాపన నడుమ 'ఫర్మువేరు పెట్టు'మని యంత్రము అడుగును. దానిని తెచ్చుకొనుటకు ఇంటర్నెట్టు కావలెను. ఇంటర్నెట్టునకు వైఫై కావలెను! 2022లో సభ్యులు వోటు వేసి, 2023 జూన్‌లో వెలువడిన డెబియన్ 12తో దానిని కలిపి ఇచ్చిరి. నియమమున సడలింపే; కాని ఎందరికో మేలైనది.

అయితే 2025 ఆగస్టు నాటి డెబియన్ 13లో 32 బిట్ల కంప్యూటరులకు స్థాపక సాధనము లేదు. మిక్కిలి పాత యంత్రములకు ఆ ద్వారము మూయబడినది.

స్థాపనకు పూనుకొనువారు తమ లెక్కలు, ఛాయాచిత్రములు ముందుగా వేఱొక పెన్ డ్రైవులో దాచుకొనవలెను. డిస్కుపై వ్రాయవచ్చునా అని చివర యంత్రము అడుగును. 'అవును' అన్నపిదప, అప్పగించిన భాగములోని పాతదంతయు పోవును.