పట్టాలోకి రాని నేల

పెద్దదోర్నాల, యర్రగొండపాలెం వైపు మన చెంచు పెద్దలు నేలను ఎకరాల్లో లెక్కగట్టలేదు. ఏ వాగు దాకా ఎవరు గడ్డలు తవ్వాలో, ఏ కొండచరియ తేనె ఎవరిదో వాళ్లకు తెలుసు. గడ్డ తవ్వుకుని తీగ మొదలు మళ్లీ మట్టిలో పెట్టేవాళ్లు.

2006 అటవీ హక్కుల చట్టం కింద సాగుభూమికి 4 హెక్టార్ల దాకా పట్టా వస్తుంది. భార్యాభర్తలిద్దరి పేర్లుంటాయి, అమ్మడానికి లేదు. ఇది మీకు తెలిసిందే. తేనె చరియ, గడ్డల అడవి మాత్రం ఆ పట్టాలోకి రావు. వాటికి గ్రామసభలో సామూహిక హక్కు వేరుగా అడగాలి.

సాక్ష్యమేదీ అంటారు. పెద్దలు చెప్పింది రాసిపెడితే అదీ ఒక సాక్ష్యమేనని నియమాల్లో ఉంది. మేము హాస్టల్లో చూస్తున్నాం, వాగుల పేర్లు తెలిసిన పిల్లలు ఏటా తగ్గుతున్నారు. సంక్రాంతి సెలవుల్లో తాతలతో హద్దులు నడవండి, పేర్లు రాసుకు రండి. నోటుబుక్కులు మేమిస్తాం.