మాలపల్లి ఏ ఊళ్ళో ఉంది?

(బల్కంపేట బస్తీ సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



మైకు ఎక్కువసేపు పట్టుకోం. తెల్లారక ముందే లేచి రోడ్లు ఊడవబోయేవాళ్ళున్నారు, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రాత్రి డ్యూటీ ఎక్కాల్సిన వాళ్ళున్నారు. కానీ మిరప కోతల కాలంలో మేము పదకొండు మందిమి గుంటూరు జిల్లా పోయొచ్చాం. చందా మీరిచ్చిందే. లెక్క చెప్పాలి గదా.

ఎందుకు పొయ్యాం? ఒక నవల పుట్టిన చోటు చూద్దామని. "పుస్తకం ఇంట్లో కూర్చొని చదువుకోవచ్చు, దానికి బస్సు చార్జీలెందుకు సారూ" అని ఒక అక్క అడిగింది. సరైన ప్రశ్నే. జవాబు చివరికి దొరుకుతుందో లేదో మీరే చూడండి.

ఆ నవల మాలపల్లి. 1922లో వచ్చింది, వందేళ్ళు దాటింది. రాసినాయన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, బ్రాహ్మణుడు. డబ్లిన్ దాకా పోయి బారిష్టరు చదివాడు. 1921లో పల్నాడు జనం అడవిలో పశువుల మేతకు కట్టే పుల్లరి కట్టం పొమ్మన్నారు. ఆ గొడవలో ఈయన జైలుకు పోయాడు. రాయవేలూరు జైల్లో కూర్చొని ఈ నవల రాశాడు. తెల్లదొరల మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ నిషేధం పూర్తిగా పోయేసరికి 1937 వచ్చింది. చదవని వాళ్ళకు కథ రెండు ముక్కల్లో చెబుతాం. మంగళాపురం అనే ఊళ్ళో రామదాసు అనే మాల రైతు. కొడుకు సంగదాసు చౌదరయ్య దగ్గర పాలేరు. కూలోళ్ళ పక్షాన నిలబడ్డాడు, యజమాని చేతి దెబ్బకు చచ్చిపోయాడు. అన్న వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడనే పేరుతో దొంగల నాయకుడై ఉన్నోళ్ళను దోచి లేనోళ్ళకు పెట్టాడు. అంత పాత పుస్తకం. చదివితే నిన్న మన ఊళ్ళో జరిగినట్టే ఉంటది.

మాతో వచ్చిన ఒక తమ్ముడి సంగతి ముందు చెప్పాలి. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్నాడు, రూము ఇక్కడే బల్కంపేటలో. ఇల్లు అడగబోతే ఓనరమ్మ అడ్వాన్సు సంగతి ఎత్తకముందే "మీరేమిటోళ్ళు బాబూ" అన్నదట. ఏదో చెప్పి రూము తీసుకున్నాడు. ఏం చెప్పాడో మేము అడగలేదు. అతని దగ్గర మాలపల్లి ఉంది. న్యూస్‌పేపరు అట్ట వేసుకున్నాడు. పుస్తకం నలగకుండా వేశాడనుకున్నాం. పేరు కనపడకుండా వేశాడని బస్సులో తెలిసింది.

మమ్మల్ని నవ్వకండి. నల్లగొండ జిల్లాలో వాడలో పుట్టి, ఇంట్లో మొట్టమొదట డిగ్రీ చదివింది మేమే. కాలేజీలో లైబ్రరీ పుస్తకం మీద ఆ పేరు చూసి బోర్లించి పట్టుకొని నడిచిన రోజులు మాకూ ఉన్నాయి.

వాడపల్లి దగ్గర కృష్ణ దాటాం. అక్కడ మొదలు పల్నాడు. దాచేపల్లి, పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, సత్తెనపల్లి. రోడ్డుకు రెండు పక్కలా పత్తి, మిరప. కల్లాల్లో మిరపకాయలు ఎర్ర దుప్పటి పరిచినట్టున్నాయి. బస్సులో అందరం దగ్గుతూనే పొయ్యాం. ఇప్పుడు సాగర్ కుడికాల్వ నీళ్ళున్నాయి గానీ, సాగర్ నీళ్ళు వదిలింది 1967లో. ఉన్నవ చూసిన పల్నాడు మెట్ట. వానపడితే పంట, లేకపోతే పస్తు. పాలేరు కష్టం అర్థం కావాలంటే ఆ నేల చూడాలి. నల్లరేగడి ఎండాకాలంలో కాలు దూరేంతగా పగుళ్ళిస్తది.

ఉన్నవ గారు 1877లో పుట్టిన ఊరు వేములూరుపాడు, ఫిరంగిపురం దగ్గర. ఫిరంగిపురంలో ఆటో ఎక్కేటప్పుడు మావాడొకడు సరదాకు "మాలపల్లి పోవాల" అన్నాడు. ఆటో అన్న వెనక్కి తిరిగి చూసి, "ఏ ఊరి మాలపల్లండీ?" అన్నాడు. మా నవ్వు ఆగిపోయింది. మా నల్లగొండ దిక్కు వాడ అంటాం, వాళ్ళు పల్లె అంటారు, అంతే తేడా. రచయిత పుట్టిన ఊరుకు దారి ఉంది, బోర్డు ఉంది. మంగళాపురం ఆయన కాగితం మీద కట్టిన ఊరు. దాని అసలు ఇళ్ళు ప్రతి ఊరి చివరా ఉన్నాయి.

ఆ దారిలోనే ఒక ఊరి పల్లెకు పొయ్యాం. ఒక ముసలమ్మ మిరపకాయల తొడిమలు తీస్తున్నది. చేతులు మండకుండా నూనె రాసుకున్నది. కూర్చోమని గోనెసంచి పరిచింది. వాళ్ళ నాయన పాలేరట. "ఏడాదికి ఇన్ని గింజలని నోటిమాట నాయనా. మాట మాది, కుంచం వాళ్ళది" అన్నది. కొలిచే కుంచం కొలిచేవాడి ఇంట్లోనే ఉంటే ఇంకేం ఉంది? పుస్తకంలో చాలా పేజీలు చదివి అర్థం చేసుకున్నది ఆమె ఒక్క ముక్కలో చెప్పింది.

మా తమ్ముడు అట్ట పుస్తకం తెరిచి సంగదాసు చచ్చిపోయిన భాగం చదివాడు. చేతులు ఆపి విన్నది. "ఆ పిలగాడి పేరు మీద ఏమన్నా పెట్టారా?" అని అడిగింది. సంగపీఠం పెట్టారమ్మా, అన్నాం. "యాడ?" అన్నది. నవల్లో, అన్నాం. "నవల్లోనా" అని మళ్ళీ మిరపకాయ చేతిలోకి తీసుకున్నది.

గుంటూరులో శారదా నికేతనం పేరు మీరు వినే ఉంటారు. నవల వచ్చిన ఆ 1922లోనే ఉన్నవ దంపతులు ఆడపిల్లల చదువు కోసం పెట్టింది. లక్ష్మీబాయమ్మ గారు దానికి జీవితం పోశారు. మంచి పని. చెయ్యెత్తి దండం పెట్టాం.

సాయంత్రానికి తెనాలి మీదుగా చుండూరు చేరాం. ఎందుకంటే ముసలమ్మ అడిగిన "యాడ" మా చెవిలోంచి పోలేదు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మందిని చంపారు. మనోళ్ళు శవాలను ఊరి బయటకు మోసుకుపోలేదు, ఊరి నడుమ పాతిపెట్టి రక్తక్షేత్రం అన్నారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో, ఇదే హైదరాబాదులో ఉన్న హైకోర్టు, కేసు కొట్టేసింది. సంగదాసు ఒక్కడు కాదు. వాళ్ళకు పీఠం కట్టింది రచయిత కాదు, సొంత జనం.

ఉన్నవ మీద మాకు కోపం లేదు. బ్రాహ్మణుడు మాల రైతును కథానాయకుణ్ణి చెయ్యడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. కానీ రామదాసు నోట అంత వేదాంతం ఎందుకు చెప్పించాడు? అన్నీ ఓర్చుకొనే మాలవాడైతేనే పై కులాల పాఠకుడు కన్నీళ్ళు పెడతాడనా? నవలకు అయిదేళ్ళ ముందే, 1917లో, బెజవాడలో మనోళ్ళు మహాసభ పెట్టుకొని "మేము పంచములం కాదు, ఆది ఆంధ్రులం" అన్నారు. దానికి అధ్యక్షుడు ఎవరో తెలుసా? మన హైదరాబాదు మనిషి, భాగ్యరెడ్డి వర్మ. మన పిల్లలకు బడులు పెట్టాడు, పత్రిక నడిపాడు, "వెట్టి మాదిగ" అని కథ రాశాడు. గుంటూరు దాకా పోయి ఒక రచయిత ఊరు చూసొచ్చాం. ఈ పట్నంలోనే ఉన్న ఆ మనిషి జాడ మాలో ముగ్గురికి కూడా తెలియదు. సిగ్గుపడే చెబుతున్నాం.

అందుకని వచ్చే ఆదివారం చాదర్‌ఘాట్ పోదాం. ఆది హిందూ భవన్ అక్కడ. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే మలక్‌పేటలో దిగొచ్చు. పిల్లల్ని తీసుకురండి, ముసలోళ్ళని ఇంకా ముందు తీసుకురండి. వాళ్ళు మాట్లాడితే రాసుకోడానికి నోటుబుక్కులు మేము తెస్తాం. గుంటూరు చందాలో మిగిలిన డబ్బు వాటికి సరిపోతుంది.

ఆ తమ్ముడు అదిగో, వెనక గోడకు ఆనుకొని నిలబడ్డాడు. పుస్తకం సంచిలోనే ఉంది. అట్ట ఇంకా తియ్యలేదు. రూముకు పోవాలి గదా.