చదరంగపు గళ్లలో ఒక మహాసంఖ్య



పాటలకూ నృత్యాలకూ మధ్య ఈ లెక్కలేమిటని విసుక్కోకండి. ఇదీ మన సాహిత్యమే.

చదరంగపు బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే 64 గళ్లకు మొత్తం ఎంత? 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు! మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన ఈ ఇరవై అంకెలనూ ఒక్క చంపకమాలలో ఇమిడ్చాడు. ఆయన పదకొండో శతాబ్దివాడని సాహిత్య చరిత్రకారుల మాట.

చంద్రుడంటే 1, వేదాలు 4, శరాలు 5, గిరులు 7, గగనం సున్న. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు చెప్పుకుంటూ పోవాలి. కనుక సంఖ్య చివరనున్న 5 శరమై ముందు వస్తుంది, మొదటనున్న 1 చంద్రుడై చివర వస్తుంది. అంకెలే రాస్తే, లేఖకుడు ఒకటి తప్పు గీసినా పోల్చుకోలేం. పద్యంలో మాట మారితే గణమో యతో చెడి పట్టుబడే అవకాశముంది.

ఇక ఈ సంఖ్య కులగోత్రాలు విచారిద్దాం. ఇది బేసి సంఖ్య. అంకెల మొత్తం 87, కనుక 3తో నిశ్శేషంగా పోతుంది, 9తో పోదు. పూర్తిగా విడగొడితే ఏడు ప్రధాన సంఖ్యలు వస్తాయి: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏదీ రెండుసార్లు రాదు. అందుచేత దీని భాజకాలు సరిగ్గా 128. తనను మినహాయించి మిగిలిన భాజకాలన్నీ కూడినా తనంత కాదు. కనుక ఇది 6, 28 వంటి పరిపూర్ణ సంఖ్య కాదు, న్యూన సంఖ్య.

వీటిలో 3, 5, 17, 257, 65,537 ఒక కుటుంబం. 2, 4, 16, 256, 65,536 అని వర్గాలు చేస్తూ, ప్రతిదానికీ ఒకటి కలిపితే వచ్చినవి. ఇలా వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫెర్మా నమ్మాడు. తరువాతిది 4,29,49,67,297. దాన్ని 641 భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపాడు. భాగఫలం 67,00,417. ఆ రెండూ మన సంఖ్యలోనే ఉన్నాయి!

ఈ సభలో కంప్యూటర్లతో జీవనం సాగించేవారు చాలామంది ఉన్నారు. 64 బిట్లలో ఋణ సంఖ్యలు లేకుండా పట్టే అతి పెద్ద సంఖ్య ఇదేనని వారికి తెలుసు. మల్లన పద్యంలో ఉందని ఎందరికి తెలుసు?

ఇక్కడ పుట్టిన మన పిల్లలకు తెలుగంటే పాట, పండుగ. లెక్క రాగానే ఇంగ్లీషే. ధర, తేదీ, ఎక్కం, ఫోను నంబరు అన్నీ ఇంట్లో మనమే ఇంగ్లీషులో చెబుతున్నాం. అంకెలు పోగొట్టుకున్న భాష పండుగనాటి పట్టుబట్టలాగా పెట్టెలోనే ఉండిపోతుంది.

ఈ రాత్రి పిల్లలతో ఈ రెట్టింపు లెక్క తెలుగులో చెప్పించండి: ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు... వెయ్యిన్నీ ఇరవై నాలుగు అనగలిగితే పదకొండో గడి చేరినట్టే. మిగిలిన గళ్లు వాళ్లే దాటుతారు.