ఇంటి కరెంటు: దండెం తీగ మొదలు దండారి లైట్ల దాకా

నాకిచ్చింది పది నిమిషాలే. పుస్తకంలో ఉన్నవన్నీ చెప్పను. మన గూడేల ఇళ్లలో ఏది ఎక్కువ ప్రమాదమో అది చెబుతాను.

ముందు దండెం. సర్వీసు వైరు రేకుల అంచును ఒరుసుకుంటూ ఇంట్లోకి దిగుతుంది. గాలికి ఊగి ఊగి పైతొడుగు అరుగుతుంది. లోపలి తీగ రేకుకు తగిలిందంటే కప్పంతా కరెంటే, ఆ రేకులకు కట్టిన ఇనుప దండెం తీగలోనూ కరెంటే. ఎండాకాలం తెలియకపోవచ్చు. వానాకాలం తడి బట్టలు, తడి నేల, వట్టి కాళ్లు. ఆరేస్తున్న అమ్మ పడిపోతుంది, పట్టుకోబోయిన నాన్న కూడా పడిపోతాడు. ఇనుప తీగ మాన్పించి నైలాన్ తాడు కట్టించండి, ఖర్చెంతని? రేకును వైరు తాకుతుంటే మాత్రం మీరు దేన్నీ ముట్టుకోకుండా లైన్‌మన్‌కు చెప్పండి, లేదా 1912కి ఫోన్ చేయండి.

"ఫ్యూజు ఉంది కదా మేడం, కొట్టేస్తుంది" అంటారు మా హాస్టల్ పిల్లలు. కొట్టేయదు. ఇంట్లో ఫ్యూజులు, ఎంసీబీలు 6, 10, 16 ఆంపియర్ల లెక్కవి. మనిషి గుండె ఆగడానికి ఆంపియరులో పదోవంతు కూడా అక్కర్లేదు. ఫ్యూజు కాపాడేది వైరును, మనల్ని కాదు. మనకు కావలసింది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే చాలు, రెప్పపాటులో ఆపేస్తుంది. మీ చేతుల్లో ఉన్న సెల్‌ఫోన్ల కన్నా తక్కువ ధరే. దానికి తోడు ఎర్తింగు సరిగా ఉండాలి. ఎండాకాలం ఆ గుంతలో నీళ్లు పోస్తుండండి.

దండారికి పక్క ఊరి చుట్టాలొస్తారు, సీరియల్ లైట్లు, మైకు సెట్టు కావాలి. స్తంభం తీగకు కొక్కెం తగిలించేది మన కుర్రాళ్లే, అదీ చీకట్లో. కేసు సంగతి అటుంచండి, ఆ కొక్కెం జారితే పడేది ఆడేవాళ్ల మధ్యే. ముందే తాత్కాలిక కనెక్షన్ అడగండి. ఆ డబ్బు సంఘమే కట్టాలని నా అభిప్రాయం.

ఇంకొకటి, కోపమొచ్చినా వినండి. అడవిపందుల కోసం ఇంటి నుంచి చేను చుట్టూ తీగ లాగడం. నేరమని అందరికీ తెలుసు. కానీ తెల్లవారుజామున ఆ గట్టు మీద మొదట నడిచేది మన మనిషే.

ఎవరికైనా షాక్ కొడితే చేత్తో లాగొద్దు. మెయిన్ ఆపండి. అది అందకపోతే పొడి చెక్క మీద నిలబడి ఎండిన కర్రతో వైరును తోయండి. పచ్చి వెదురు వద్దు, అందులో తడి ఉంటుంది. మన చేతికి ముందు దొరికేది అదే గనుక చెబుతున్నాను. ఇదంతా ఇంటి వైరు సంగతి. స్తంభం తీగ తెగిపడితే కర్రతో కూడా దగ్గరికి పోవద్దు.

మట్టిలో కప్పితే కరెంటు దిగిపోతుందని కొందరంటారు. విలువైన నిమిషాలు అక్కడే పోతాయి. ఊపిరి లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు ఛాతీ మధ్యలో రెండు అంగుళాల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. మన దారుల్లో అంబులెన్సు ఎప్పుడొస్తుందో మీకు తెలుసు. వచ్చేదాకా ఆపొద్దు, అలసిపోతే మనిషి మారండి.

నోటితో చెబితే ఇది రాదు. భోజనాలయ్యాక వరండాలోకి రండి, గట్టి దిండు మీద ఒక్కొక్కరితో చేయిస్తాను. ఆడపిల్లలు ముందు.