గట్టున ఎవరున్నారు?



బావిలో బిందె పడిపోతే ఏం చేస్తాం? గాలం వేస్తాం. గాలానికి అందకపోతే ఈతొచ్చినవాళ్లను పిలుస్తాం. నందిగామ దగ్గర మా ఊళ్లో ఆ పనికి మా బాబాయి దిట్ట. కాని నడుముకు మోకు కట్టందే మా నాయనమ్మ ఆయన్ని నూతిలో దిగనిచ్చేది కాదు. తను గట్టున కూర్చుని ఒకటీ, రెండూ అని లెక్కపెట్టేది. 30 దాటిందా, చుట్టూ ఉన్నవాళ్లచేత పైకి లాగించేసేది. "ఇంకొక్క క్షణం ఆగితే బిందె చేతికొచ్చేది గదమ్మా!" అని ఆయన విసుక్కునేవాడు.

చాదస్తమనే నేనూ అనుకున్నాను. కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఎక్కువసేపు మునగాలని కొందరు ముందుగా గబగబా ఊపిరి తీసి వదులుతారు. దానివల్ల ఒంట్లో ప్రాణవాయువు పెద్దగా పెరగదు. బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. "ఇక ఊపిరి పీల్చు" అని మనల్ని తొందరపెట్టేది అదే! అది తగ్గితే ఉక్కిరిబిక్కిరి కాకుండానే నీళ్లలో స్పృహ తప్పుతుంది. కేక ఉండదు, కొట్టుకోవటం ఉండదు. ఇలా పోయేది ఈత బాగా వచ్చినవాళ్లేనండీ. గట్టున కనిపెట్టి చూసే మనిషికి తప్ప ఆ సంగతి తెలియదు.

విశాఖపట్నం ఋషికొండ దగ్గర వీపున గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలో మునగటం నేర్పుతున్నారు. స్కూబా డైవింగు అంటారు. ఆ విద్యలోనూ జత లేనిదే దిగకూడదు. దిగేముందు ఒకరి పట్టీలు, గాలి మీట ఇంకొకరు చూడాలి. ఒకరికి గాలి అయిపోతే రెండోవారి దగ్గరున్న అదనపు గొట్టంతో పీల్చుకుంటూ ఇద్దరూ మెల్లగా పైకి రావాలి. అక్కడ బొటనవేలు పైకెత్తితే "బాగుంది" అని కాదు, "పైకి పోదాం" అని. ఒకరు ఎత్తితే రెండోవారు వాదించకూడదు. అచ్చం మా నాయనమ్మ లెక్కే!

మన పిల్లలు సముద్రానికి పోకపోవచ్చు. వేదాద్రిలో కృష్ణకో, జగ్గయ్యపేట పక్కన పాలేరుకో, మునేటికో పోతారు. మునేట్లో ఇసుక తవ్విన గోతులుంటాయి. మోకాలిలోతున నడిచేవాడు ఒక్క అడుగులో నిలువులోతున పడతాడు. "నలుగురం కలిసే వెళ్తున్నాం" అంటారు. నలుగురూ నీళ్లలోనే ఉంటే గట్టునెవరు? ఒకడు మునిగిపోతుంటే రెండోవాడు దూకుతాడు, మొదటివాడు ప్రాణభయంతో వాణ్ణి వాటేసుకుంటాడు. అలా ఇద్దరూ పోతారు. దూకకుండా చీరో, వెదురుగడో, మూత బిగించిన ఖాళీ డబ్బానో అందించాలి.

మొన్న సంక్రాంతికి మా మనవడు స్నేహితుడితో మునేటికి బయల్దేరితే మోకు చేతికిచ్చాను.

"ఇదెందుకు నాయనమ్మా?"

"ముందు పట్టుకునేదెవరో చెప్పి వెళ్లండి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.